రక్షకుడు ముందుకు పోరాదా?

ఫుట్‌బాల్ గురించి మాట్లాడేవారి నోట ఒక తీర్పు తరచుగా వినబడుతూ ఉంటుంది. డిఫెండరన్నవాడు వెనుకనే ఉండాలట. ఆడేవాడు ఆడాలట, మాట్లాడేవాడు మాట్లాడాలట. ఎవరి పని వారిదట. వినడానికి ఈ మాట ఎంతో పెద్దరికంగా, లోకజ్ఞత పండిన మాటలా ఉంటుంది. తల ఊపేవారు కూడా చాలామందే ఉంటారు. నేను మాత్రం ఊపను. ఆలోచించే శ్రమను తప్పించుకోవడానికి మనం బద్ధకానికి కప్పిన పట్టుశాలువా ఈ మాట అని నా అభిప్రాయం.

దీనిని ఖండించడానికి సిద్ధాంతాలు వల్లించడం కన్నా ఒక మనిషి వృత్తిజీవితాన్ని ముందుంచడం మేలు. ఆ మనిషి అర్జెంటీనా దేశస్థుడైన హువాన్ పాబ్లో సోరిన్. 1976 మే 5న బ్యూనస్ ఎయిర్స్‌లో జన్మించాడు. ఎడమవైపు రక్షకుడుగా, అనగా లెఫ్ట్ బ్యాక్‌గా పేరుగాంచాడు. 2002, 2006 ప్రపంచకప్పులలో ఆడాడు; రెండవదానిలో తన దేశపు జట్టుకు సారథి కూడా. 2009లో ఆట విరమించిన తరువాత బ్రెజిల్ టెలివిజన్‌లో వ్యాఖ్యాతగా పనిచేశాడు.

పైన చెప్పిన తీర్పు ప్రకారం ఇటువంటివాడు రెండు నేరాలు చేసినట్లు. రక్షకుడై ఉండి తన చోటు విడిచి ముందుకు పరుగెత్తడం మొదటిది. ఆటగాడై ఉండి మైకు పట్టుకోవడం రెండవది. నేరాలు రెండుగా కనిపిస్తున్నా ఫిర్యాదు ఒక్కటే: గీత దాటాడు. ఆ గీతను గీసినదెవరు, దానికి ఆధారమేమిటి అని అడగడమే ఈ వ్యాసం ఉద్దేశం.

తెలుగు పండితుణ్ణి కనుక మాట దగ్గరనే మొదలుపెడతాను. డిఫెండర్ అన్నదానిని మనవారు ఒక్కొక్కసారి అలాగే ఉంచుతారు, ఒక్కొక్కసారి రక్షకుడంటారు. రక్ష ధాతువుకు కాపాడుట అని అర్థం. కాపాడటం అనే క్రియలో ఎక్కడ నిలబడి కాపాడాలి అన్న నిర్దేశం లేదు. చేనికి కాపలా ఉన్నవాడు రాత్రంతా మంచె మీదనే కూర్చుంటాడా? అడవిపందుల అలికిడి వినబడగానే గట్టు దాటి వెళ్లి, అవి చేలో దిగకముందే అదిలించి వస్తాడు. మంచె విడిచిపోయాడని అతని మీద ఏ రైతూ పంచాయతీ పెట్టడు. పంట దక్కిందా లేదా అన్నదే రైతు చూస్తాడు. ఫుట్‌బాల్ విషయంలో మాత్రం మనకు పంట కన్నా మంచె ముఖ్యమైపోయింది.

ఇక ఆటలోని సంగతి. ఎడమ పార్శ్వ రక్షకుడికి ఎదురుగా ప్రత్యర్థి జట్టు కుడిపక్క ఆటగాడు ఒకడు ఉంటాడు. రక్షకుడు తన చోట నిలబడి ఎదురుచూస్తే ఆ కుడిపక్కవాడికి ఒకటే పని, దాడి చేయడం. రక్షకుడు బంతితోనో, బంతి లేకుండానో ముందుకు పరుగెత్తాడనుకోండి. అప్పుడు ఆ కుడిపక్కవాడు సందిగ్ధంలో పడతాడు. వెంట పరుగెత్తితే దాడికి మిగిలేది అలసిన కాళ్లు. వెంట పోకపోతే తన జట్టు వెనుకవైపు ఒక మనిషి తక్కువ. అనగా రక్షకుడు ముందుకు పోవడం వల్ల ప్రత్యర్థి దాడి అతని గోలుకు ఎంతో దూరంలోనే సగం చచ్చిపోతుంది. ఇది రక్షణ కాదనేవారు రక్షణకు ఏ అర్థం చెబుతారో నాకు తెలియదు.

ఇదేమీ సోరిన్ కనిపెట్టిన విద్య కాదు. 1958 ప్రపంచకప్పులో బ్రెజిల్ లెఫ్ట్ బ్యాక్ నిల్టన్ శాంటోస్ ఆస్ట్రియా మీద బంతితో ముందుకు సాగిపోయి గోలు చేశాడు. అతడు ముందుకు పోతూ ఉండగా కోచ్ ఫియోలా మైదానం పక్క నుంచి వెనక్కి రమ్మని కేకలు వేశాడనీ, గోలు పడగానే ఆ నోటితోనే మెచ్చుకున్నాడనీ ఇప్పటికీ కథగా చెప్పుకుంటారు. ఆ కప్పు బ్రెజిల్ గెలిచింది. 1970 ఫైనల్‌లో ఇటలీ మీద బ్రెజిల్ నాలుగవ గోలు కొట్టినది కుడివైపు రక్షకుడు, జట్టు సారథి అయిన కార్లోస్ అల్బెర్టో. అంతకన్నా విచిత్రం ఇటలీలోనే ఉంది. 1960ల ఇంటర్ మిలన్ జట్టు తలుపుకు గడియ వేసుకుని ఆడే పద్ధతికి లోకప్రసిద్ధం. అటువంటి జట్టులో కూడా ఎడమ రక్షకుడు ఫక్కెట్టికి ముందుకు పరుగెత్తే స్వేచ్ఛ ఉండేది. 1965లో యూరోపియన్ కప్ సెమీఫైనల్లో లివర్‌పూల్ మీద గోలు కూడా చేశాడు. గడియ వేసినవారికే తెలుసు, గడియ ఎప్పుడు తీయాలో.

ప్రతిపక్షంవారి వాదాన్ని బలహీనపరచి గెలవడం నాకిష్టం లేదు. వారి వాదంలో బలమైన అంశం ఒకటున్నది. రక్షకుడు ముందుకు పోయినప్పుడు అతని వెనుక ఖాళీ ఏర్పడుతుంది. సరిగ్గా ఆ క్షణంలో బంతి పోగొట్టుకుంటే ప్రత్యర్థి ఆ ఖాళీలోకే వస్తాడు. ఇది నిజం. ఈ ప్రమాదం లేదనేవాడు ఆట చూడనివాడు. ఐతే ఈ నిజం నుంచి "కనుక కదలరాదు" అన్న నిర్ణయం రాదు. "కనుక ఆ ఖాళీని కాయడానికి ఏర్పాటు ఉండాలి" అన్న నిర్ణయం వస్తుంది. ఈ రెండింటికీ హస్తిమశకాంతరం ఉంది.

ఆ ఏర్పాటు ఎలా ఉంటుందో సోరిన్ ఆడిన జట్లలోనే చూడవచ్చు. 2002 నాటి అర్జెంటీనా కోచ్ మార్సెలో బియెల్సా వెనుక ముగ్గురు రక్షకులను నిలిపి, సోరిన్‌ను వారి ముందు ఎడమ పార్శ్వంలో వదిలాడు. వెనుక ముగ్గురుండగా పార్శ్వం నుంచి ముందుకు పోవడానికి భయమెందుకు? ఆ ప్రపంచకప్పులో అర్జెంటీనా తొలి దశలోనే ఇంటిముఖం పట్టింది; నైజీరియా మీద గెలిచి, ఇంగ్లండ్ చేతిలో ఓడి, స్వీడన్‌తో సమానంగా ముగించింది. మూడు ఆటలలో ప్రత్యర్థులు చేసినవి మొత్తం రెండే గోళ్లు. అర్జెంటీనా చేసినవీ రెండే. ఆ జట్టు మునిగినది వెనుక చిల్లు పడి కాదు, ముందు గోళ్లు పడక. రక్షకులు ముందుకు పోవడం వల్లనే కొంప మునిగిందనేవారు ఈ అంకెలు చూడాలి.

2006లో కోచ్ హోసె పెకర్మన్. సోరిన్‌ను చిన్ననాటి నుంచి ఎరిగినవాడు. 1995లో ఖతర్‌లో జరిగిన ప్రపంచ యువజన పోటీలో అర్జెంటీనా ఫైనల్లో బ్రెజిల్‌ను ఓడించి గెలిచినప్పుడు కోచ్ పెకర్మనే, సారథి సోరినే. పదకొండేళ్ల తరువాత జర్మనీలో మళ్లీ ఆ ఇద్దరే. ఈసారి వెనుక నలుగురు. సోరిన్ ముందుకు పోతే ఎడమవైపు ఖాళీని కాయడానికి హైన్జె ఉన్నాడు. అతడు స్వయంగా ఎడమ రక్షకుడుగా ఆడగలవాడు. వారి ముందు మస్కెరానో ఉన్నాడు. తన పేరు పత్రికలలో పడకపోయినా పరవాలేదని పక్కవాడి ఖాళీలను పూడ్చే రకం మనిషి. సోరిన్ స్వేచ్ఛకు ఈ ఇద్దరూ జామీనుదారులు. నేను గీత దాటమంటున్నానని గంతులేసే యువకులు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవాలని నా మనవి. ముందుకు పోయేవాడి వెనుక ఎవరో ఒకరు నిలబడి ఉంటారు. ఆ నిలబడినవారిని మరచిపోయి ముందుకు పోయేవాడు కృతఘ్నుడు. నేను సమర్థిస్తున్నది అటువంటివాణ్ణి కాదు.

ఫలితం చూడండి. 2006 జూన్ 16న సెర్బియా-మాంటెనెగ్రో మీద అర్జెంటీనా ఆరు గోళ్లు చేసింది. వాటిలో రెండవది, కాంబియాసో చేసినది, ప్రపంచకప్పు చరిత్రలో చెప్పుకోదగిన గోళ్లలో ఒకటి. ఇరవైకి పైగా పాసులు వరుసగా నడిచాయి. ఎడమ అంచున నిలబడి, అందుకుని, ఇచ్చి, మళ్లీ అందుకుని ఆ పాసులలో పలుమార్లు కాలు కలిపినవాడు సోరిన్. చివర క్రెస్పో మడమతో వెనక్కి తట్టగా కాంబియాసో గోలులోకి కొట్టాడు. లోకానికి ఆ మడమ గుర్తుంది, ఆ కొట్టుడు గుర్తుంది. పద్యంలో చివరి పాదం చప్పున నోటికి వస్తుంది గాని, మొదటి మూడు పాదాలు లేనిదే ఆ నాలుగవది లేదు కదా!

జూన్ 24న లైప్‌జిగ్‌లో మెక్సికోతో ఆట. నిర్ణీత సమయానికి 1-1. అదనపు సమయంలో 98వ నిమిషాన సోరిన్ ఎడమవైపు నుంచి మైదానం అడ్డంగా కుడివైపుకు బంతిని ఎత్తి పంపాడు. మాక్సి రోడ్రిగెజ్ ఎదతో ఆపి, నేలకు తగలనీయకుండా ఎడమకాలితో కొట్టిన దెబ్బకు గోలు. ఆ గోలును ఎన్నిసార్లు చూపినా రోడ్రిగెజ్ దగ్గరనే మొదలుపెడతారు. ఒక్క మూడు క్షణాలు వెనక్కి తిప్పండి. దేశపు జట్టు సారథి, లెఫ్ట్ బ్యాక్ అనబడేవాడు, అలసిన కాళ్లతో ప్రత్యర్థి భాగంలో తలెత్తి చూస్తున్నాడు. అంత దూరాన ఉన్న తనవాణ్ణి గుర్తించాడు. గీత లోపల ఉండి ఉంటే ఆ చూపు లేదు, ఆ పాసు లేదు, ఆ గెలుపు లేదు.

ఇక అసలు పరీక్ష. 2006 జూన్ 30, బెర్లిన్, క్వార్టర్ ఫైనల్. అయాలా గోలుతో అర్జెంటీనా ముందంజలో ఉంది. ఆధిక్యాన్ని కాపాడుకోవాలన్న తలంపుతో పెకర్మన్ రికెల్మెను వెనక్కి పిలిచి కాంబియాసోను దింపాడు. అనగా ప్రతిపక్షంవారు కోరినట్లే జట్టు వెనక్కి జరిగింది. 80వ నిమిషాన బల్లాక్ పంపిన బంతిని బొరోవ్‌స్కి తలతో మళ్లించగా క్లోజె తలతోనే గోలు చేశాడు. ఆ క్షణంలో సోరిన్ ఎక్కడున్నాడు? ఎక్కడో ముందు తిరుగుతున్నాడా? లేదు. తన గోలు ముందరే, క్లోజె చెంతనే ఉన్నాడు. అందరూ చెప్పే ఆ చోటులోనే ఉన్నాడు. గోలు పడనే పడింది. ఆ తరువాత పెనాల్టీలలో లేమాన్ రెండింటిని ఆపగా అర్జెంటీనా 4-2తో నిష్క్రమించింది. వెనుక కూర్చోవడం క్షేమమన్న సిద్ధాంతానికి ఆ సాయంత్రం ఏం సమాధానం చెప్పిందో వారే ఆలోచించుకోవాలి.

మైదానంలోని గీతలు అట్లా ఉండగా, దేశాల మధ్య గీత మరొకటి ఉంది. అర్జెంటీనా, బ్రెజిల్ జట్ల వైరం నేను వర్ణించనక్కరలేదు. సోరిన్ 2000లో రివర్ ప్లేట్ నుంచి బ్రెజిల్‌లోని బెలో హొరిజోంటె నగరపు జట్టు క్రూజేరోకు వెళ్లాడు. రివర్ ప్లేట్‌లో అప్పటికే 1996 లిబెర్టడోరెస్ కప్పు గెలిచిన జట్టులో ఉన్నవాడు. యూరప్‌కు పోవలసిన వయసులో పొరుగుదేశానికి, అదీ శత్రువుగా భావించే దేశానికి వెళ్లాడు. ఆ ఏడాదే క్రూజేరో బ్రెజిల్ కప్పు గెలిచింది. 2002 మేలో అక్కడి అభిమానులకు వీడ్కోలు చెప్పవలసిన ఆట, దక్షిణ-మినాస్ కప్పు ఫైనల్. తలకు గాయమై కట్టు కట్టుకుని ఆడాడు. గెలుపు గోలు తానే కొట్టాడు. అర్జెంటీనావాడి కోసం బ్రెజిల్ జనం కంటతడి పెట్టడం సామాన్య విషయం కాదు.

దీని మీద ఒక ఆక్షేపణ రావచ్చు: ఇంతగా కలిసిపోయినవాడు తన దేశానికి నమ్మకస్థుడుగా ఉంటాడా? 2004 జూన్ 2న అదే నగరంలో, అదే మినేరావ్ మైదానంలో బ్రెజిల్, అర్జెంటీనా తలపడ్డాయి. రొనాల్డో మూడు పెనాల్టీలతో బ్రెజిల్ 3-1తో గెలిచింది. అర్జెంటీనా తరఫున ఆ ఒక్క గోలు చేసినది సోరిన్. తనను ఎత్తుకున్న ఊరిలో, తనకు జేజేలు కొట్టిన మెట్ల ముందర, తన దేశం కోసం. రెండు ప్రేమలు ఒకదానినొకటి తినేస్తాయని నమ్మేవారికి ఈ గోలు మింగుడుపడదు.

ఆయన తిరిగిన మిగిలిన ఊళ్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. రోములో లాజియో, తరువాత బార్సిలోనా, 2004లో ఫ్రెంచి కప్పు గెలిచిన పారిస్ జట్టు. ఆ పిమ్మట స్పెయిన్‌లో యాభై వేల జనాభా గల విల్లారియల్ పట్టణం. 2006లో ఆ చిన్న ఊరి జట్టు ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ దాకా పోయింది. ఆపైన జర్మనీలో హాంబర్గ్, అక్కడ గాయాల బాధ. 2008లో మళ్లీ క్రూజేరో. 2009 నవంబరులో మినేరావ్‌లో జరిగిన వీడ్కోలు ఆటలో క్రూజేరోకు ఎదురుగా నిలిచినది తనను పెంచిన బ్యూనస్ ఎయిర్స్ జట్టు అర్హెంతినోస్ జూనియర్స్. పుట్టిల్లు, మెట్టినిల్లు ఒకే మైదానంలో కలిశాయి.

ఇప్పుడు రెండవ నేరానికి వస్తాను. ఆట మానినవాడు మైకు పట్టుకోవచ్చునా?

ఈ విషయంలో నిందించేవారి కోపంలో కొంత న్యాయముందని ముందే ఒప్పుకుంటాను. ప్రతి దేశంలోనూ పేరు మోసిన మాజీ ఆటగాళ్లు కొందరు తమ కీర్తినే చదువుగా చూపి కుర్చీలో కూర్చుంటారు. తెర మీద కనబడుతున్నదానినే మళ్లీ నోటితో చెబుతారు. "మా కాలంలో" అని మొదలుపెట్టి ఎదుటనున్న ఆటను వదిలేస్తారు. పాత స్నేహితుడు తప్పు చేస్తే కళ్లు మూసుకుంటారు. ఏళ్ల తరబడి శ్రమించి వార్తలు రాసిన పాత్రికేయుడు పక్కన మౌనంగా కూర్చోవలసి వస్తుంది. ఇది అన్యాయమే. ఐతే ఇక్కడ దోషం ఎక్కడుంది? ఆటగాడు మాట్లాడటంలో లేదు. మాట్లాడటం ఒక విద్య అని, దానికీ అభ్యాసం కావాలని గుర్తించకపోవడంలో ఉంది.

సోరిన్ ఆ అభ్యాసం ఆట మానిన తరువాత మొదలుపెట్టలేదు. ఆడుతున్న రోజులలోనే బ్యూనస్ ఎయిర్స్‌లో రేడియో కార్యక్రమం నడిపాడు. 2005లో, దేశపు జట్టులో ముఖ్యుడుగా ఉన్న కాలంలో, రచయితలను, కళాకారులను కూడగట్టి పిల్లల మేలు కోసం "గ్రాందెస్ చీకోస్" అనే పుస్తకం సంకలనం చేసి తెచ్చాడు. అక్షరంతో, మాటతో ఆయన సాంగత్యం అవసరానికి పుట్టినది కాదు. ఆ తరువాత ఈఎస్‌పీఎన్ బ్రెజిల్‌లో వ్యాఖ్యాతగా చేరినప్పుడు మాట్లాడవలసినది తన తల్లిభాష అయిన స్పానిష్‌లో కాదు, పోర్చుగీసులో. పరభాషలో, ప్రత్యర్థి దేశపు శ్రోతలకు, వారి ఆటనే విప్పి చెప్పడం! బడిలో ముప్ఫైయైదేళ్లు పాఠం చెప్పినవాణ్ణి నేను. సొంత భాషలో సొంత ఊరి పిల్లలకు పాఠం అర్థమయ్యేటట్లు చెప్పడానికే ఎన్ని అవస్థలు పడాలో ఎరుగుదును. ఆ ధైర్యానికి నమస్కరించకుండా ఉండలేను.

వ్యాఖ్యాత అనే మాటను మనం ఎంత చులకన చేశామో కూడా ఇక్కడ చెప్పుకోవాలి. ఈ రోజులలో టీవీలో మాట్లాడే ప్రతివారూ వ్యాఖ్యాతే. తెలుగువారికి వ్యాఖ్యాత అనగానే గుర్తుకు రావలసినవాడు మెదకు సీమలోని కొలిచెలమ గ్రామం పేరు ఇంటిపేరైన మల్లినాథసూరి. కాళిదాసు, భారవి, మాఘుడు దేశమంతటికీ ఆయన చేయిపట్టుకునే నడిచి వచ్చారు. మూలంలో ఆధారం లేని మాటను గాని, అక్కరలేని మాటను గాని చేర్చనని ఆయన పెట్టుకున్న నియమం పండితులకు సుపరిచితం. ఆ కొలబద్దను క్రీడావ్యాఖ్యకు తెచ్చి పెట్టండి. ఎందరు నిలుస్తారు? మాజీ ఆటగాడా, పాత్రికేయుడా అన్న ప్రశ్న అప్పుడు తనంతట తానే పక్కకు పోతుంది. మూలం చూసి చెబుతున్నాడా, లేదా అన్నదొక్కటే మిగులుతుంది.

ఆటకు మూలమేమిటి? చూసేవారి కన్ను బంతి వెంట పోతుంది. మూలంలో సగం బంతి లేనిచోట ఉంటుంది. ఎడమ అంచున నలభై అడుగులు పరుగెత్తి, బంతి రాకపోగా మళ్లీ వెనక్కి పరుగెత్తినవాడి శ్రమ గణాంకాలకు అందదు. ఆ పరుగు వల్ల ఒక ప్రత్యర్థి పక్కకు లాగబడ్డాడని, ఆ లాగబడిన చోటు నుంచే గోలు వచ్చిందని చెప్పడానికి ఆ పరుగు పెట్టినవాడికున్న అధికారం వేరు. కావ్యం రాసినవాడే వ్యాఖ్యానం రాయాలని నేననడం లేదు. మల్లినాథుడి కీర్తి కావ్యరచన వల్ల వచ్చినది కాదు. కావ్యం రాసినవాడు వ్యాఖ్యానం రాయరాదనడం మాత్రం అవివేకం అంటున్నాను.

ఇంతకీ ఎక్కడో దక్షిణ అమెరికాలోని ఆటగాడి కోసం ఈ ముసలి పంతులు ఇంత ఆవేశపడటం ఎందుకని మీలో కొందరికి తోచవచ్చు. ఆ గీత మన ఇళ్లలోనూ ఉన్నది కనుక. పద్యం అందంగా చదివే పిల్లవాణ్ణి "నీది లెక్కల గ్రూపు, నీకిదెందుకు" అని కూర్చోబెట్టిన ఉపాధ్యాయులను నేను నా ఉద్యోగకాలమంతా చూశాను. అడిగితే పిల్లవాడి మేలు కోరే అన్నామన్నారు. ఆ పిల్లలలో ఎందరు మళ్లీ పద్యం జోలికి పోయారో నాకు తెలియదు. పోనివారే ఎక్కువ ఉంటారని నా బెంగ. ఒక తెలుగు పండితుడు ఫుట్‌బాల్ గురించి రాస్తే నవ్వేవారున్నారు. ఇక మీ సంగతి మీకే తెలుసు. పగలు కంప్యూటర్ల ముందు కూర్చుని రాత్రిళ్లు తెలుగులో రాసినవారు మీరు. "ఇంజనీర్లకు సాహిత్యమేమిటి" అన్న మాట వినని బ్లాగరి మనలో ఉన్నాడా? తెలుగు అక్షరం తెరమీదికి ఎక్కినది ఆ గీత దాటినవారి వల్లనే. పండితులం మేము మంచె మీద కూర్చుని ఉన్నాం. చేలోకి దిగినది మీరు.

అయితే ఒక్క షరతు. సోరిన్ ముందుకు పోయిన ప్రతిసారీ వెనక్కి కూడా పరుగెత్తాడు. లెఫ్ట్ బ్యాక్ పనిలో కఠినమైన భాగం అదే. ముందుకు పోయేటప్పుడు ఉత్సాహం తోడుంటుంది. వెనక్కి వచ్చేటప్పుడు తోడుండేది కర్తవ్యమొక్కటే. సాహిత్యంలోకి వచ్చిన ఇంజనీరు ఛందస్సు నేర్చుకోవాలి. వ్యాఖ్యానంలోకి వచ్చిన ఆటగాడు భాష నేర్చుకోవాలి. ఆట గురించి రాసే పండితుడు ఆట చూడాలి. ఈ శ్రమ చేయనివారిని నిలదీయండి, నేనూ మీతో గొంతు కలుపుతాను. శ్రమ చేసి వచ్చినవాణ్ణి మాత్రం "నీ చోటు అది" అని వేలు చూపించి వెనక్కి పంపే హక్కు ఎవరికీ లేదు.

భిన్నాభిప్రాయం గలవారు నిస్సంకోచంగా రాయండి. కానీ "ఎవరి పని వారిది" అని మళ్లీ నాకు చెప్పబోయేవారికి ఒక విన్నపం. ముందుగా మెక్సికో మీద ఆ 98వ నిమిషపు గోలును, రోడ్రిగెజ్ దగ్గర కాక సోరిన్ దగ్గర మొదలుపెట్టి, ఒక్కసారి చూసి రండి. తరువాత మాట్లాడుకుందాం.